దెబ్బకు దొరికే అనుమతి



ఒక ఉపాధ్యాయుడి స్మృతిలో మాట్లాడేవారి మీద ప్రత్యేకమైన బాధ్యత ఉంటుంది. ఆయన ఏ ప్రశ్నతో జీవితమంతా గడిపారో ఆ ప్రశ్నను మరో అడుగు ముందుకు తీసుకువెళ్లాలి. బెత్తం లేనిదే బడి నడవదని తల్లిదండ్రులూ తోటి ఉపాధ్యాయులూ కూడా నమ్మిన కాలంలో, ఈ సభలో మనం స్మరించుకుంటున్న మాస్టారు బెత్తం పట్టలేదు. “నాలుగు తగిలించండి మాస్టారూ, మాకేం అభ్యంతరం లేదు” అంటూ కొడుకును తెచ్చి అప్పగించే తండ్రులు ఆ రోజుల్లో ఎందరో ఉండేవారు. ఆ తండ్రుల మాటలో కోపం లేదు. పిల్లవాడు బాగుపడాలన్న ఆరాటం ఉంది. దానితోపాటు ఒక అనుమతి కూడా ఉంది. మాస్టారు వద్దన్నది ఆ అనుమతినే. దాని గురించే ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నాను.

పిల్లవాడు ఎందుకు కొట్టాడని అడిగితే మనకు ముందుగా తోచే జవాబు కోపం. ఆ తరువాత వయసు, ఉడుకురక్తం, చెడు స్నేహాలు, సినిమాలు, చేతిలో ఫోను. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే కోపం వచ్చిన ప్రతి పిల్లవాడూ చేయి చేసుకోడు. అదే పిల్లవాడు తండ్రి మీద కోపం వస్తే తల దించుకుంటాడు, తమ్ముడి మీద వస్తే చాచి కొడతాడు. మైదానంలో తనకన్నా బలవంతుడు తిడితే విననట్టు ఊరుకుంటాడు, బక్కవాడు అదే మాట అంటే మీద పడతాడు. ఎవరిని కొట్టవచ్చు, ఏ మాటకు కొట్టవచ్చు, కొడితే ఎవరు మెచ్చుకుంటారు అనే తీర్పు ఆ మనసులో ముందే సిద్ధమై ఉంది. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో చేతిని నడిపించేది చాలావరకు ఆ తీర్పేనని, ఆ తీర్పు వాడికి పుట్టుకతో రాలేదని, మనమే ఇచ్చామని, ఇచ్చినదాన్ని మార్చవచ్చునని నా వాదన.

మనస్తత్వ శాస్త్రం ఈ మాటకు రావడానికి కొంత కాలం పట్టింది. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు నర్సరీ పిల్లల ముందు పెద్దవారి చేత గాలిబొమ్మను కొట్టించారు. చూసిన పిల్లలు ఆ దెబ్బల్నే, ఆ మాటల్నే అనుకరించారు. ఆ ప్రయోగం లోకప్రసిద్ధం. నా దృష్టిలో అంతకన్నా విలువైనది 1965లో ఆయన చేసిన రెండోది. ఈసారి పిల్లలకు చూపిన చిత్రానికి మూడు ముగింపులు పెట్టారు. ఒకదానిలో కొట్టినవాడికి మెప్పు దక్కింది, ఒకదానిలో మందలింపు, మరొకదానిలో ఏమీ జరగలేదు. మందలింపు చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. తరువాత, చూసినది చేసి చూపిస్తే బహుమానం ఇస్తామన్నారు. అప్పుడు మూడు బృందాలవారూ సమానంగా చేసి చూపించారు. అంటే కొట్టడం ఎలాగో అందరూ నేర్చేసుకున్నారు. తేడా వచ్చింది అనుమతి దగ్గర. నేర్చుకోవడం ఒకటి, నేర్చినదాన్ని వాడవచ్చుననుకోవడం మరొకటి. హింసాత్మక దృశ్యాలను పిల్లల కంట పడకుండా చేస్తే చాలునని ఆశపడే తల్లిదండ్రులు ఈ రెండో సంగతిని గమనించాలి.

1997లో రోవెల్ హ్యూస్‌మన్, నాన్సీ గెర్రా అనే ఇద్దరు పరిశోధకులు ఆ అనుమతినే కొలిచారు. పేద నగర వాడల్లోని ప్రాథమిక పాఠశాల పిల్లల్ని తీసుకుని సూటి ప్రశ్నలు వేశారు. ఒక అబ్బాయి ఇంకొకణ్ణి చెడ్డ మాట అన్నాడనుకో, ఆ రెండోవాడు తిరిగి అరవడం సరైనదేనా? కొట్టడం సరైనదేనా? ముందు కొట్టినది అమ్మాయి అయితే? పూర్తిగా సరైనదే అన్న జవాబు నుంచి పూర్తిగా తప్పు అన్న జవాబు దాకా నాలుగు మెట్లు. ఏడాది తరువాత ఆ పిల్లల్నే మళ్లీ పరిశీలించారు. వయసు పెరిగేకొద్దీ పిల్లలు దౌర్జన్యాన్ని మరికాస్త ఎక్కువగా ఆమోదిస్తున్నారని, ఆ ఆమోదంతోపాటే వారి దుడుకుతనమూ పెరుగుతోందని తేలింది. అసలు కీలకం ఆ తరువాత వచ్చింది. బాగా చిన్న పిల్లల్లో ముందు ప్రవర్తన, వెనుక నమ్మకం. కొట్టే పిల్లవాడు క్రమంగా కొట్టడం సరైనదే అనుకోసాగాడు. కాస్త పెద్ద పిల్లల్లో ఇది తలకిందులైంది. ముందు నమ్మకం, వెనుక ప్రవర్తన. ఈ ఏడు ఏది సరైనదని అన్నాడో దాన్ని బట్టి వచ్చే ఏటి నడవడిని ఊహించగలిగారు.

ఈ మలుపును మనం తేలిగ్గా తీసుకుంటున్నాం. అయిదేళ్లవాడు కొడితే నవ్వుతాం, “చిన్నవాడు, తెలియదు” అంటాం. ఆ వయసులో నిజంగానే తెలియదు. చేయి ముందు లేస్తుంది, సమర్థన వెనుక వస్తుంది. ఆ సమర్థనను ఎవరూ కాదనకపోతే పదేళ్లు దాటేసరికి అదే మనసులో శాసనమై కూర్చుంటుంది. ఆ పైన కోపం వచ్చిన క్షణంలో వాడు కూర్చుని ఆలోచించడు. ఆలోచన ఎప్పుడో అయిపోయింది. వయసు వచ్చాక బుద్ధి అదే వస్తుందిలే అని మనం ఎదురుచూసే కాలంలోనే ఆ బుద్ధి ఒక రూపం కట్టేస్తోంది.

ఏమిటా శాసనంలోని మాటలు? 1988లో రొనాల్డ్ స్లేబీ, గెర్రా కలిసి హింసాత్మక నేరాలకు నిర్బంధంలో ఉన్న కౌమార వయస్కులను, బడిలో చదివే తోటి వయసువారితో పోల్చి చూశారు. నిర్బంధంలో ఉన్నవారి నమ్మకాలు వింటే మన వీధిలో విన్నట్టే ఉంటుంది. కొట్టడం న్యాయమే. కొడితే మన విలువ పెరుగుతుంది. కొట్టకపోతే చులకనైపోతాం. దెబ్బ తిన్నవాడికి అంత బాధేమీ ఉండదు. ఈ చివరిదే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. ఎదుటివాడి నొప్పిని నమ్మకపోవడం కూడా నేర్చుకున్న విద్యే.

దీనికి తోడు ఎదుటివాడి మనసును చదవడంలో వచ్చే పొరపాటు ఒకటి ఉంది. 1980లో కెన్నెత్ డాడ్జ్ చూపించినది అది. తన వస్తువు పాడైంది, కావాలని చేశారో పొరపాటున జరిగిందో తెలియదు. అలాంటి చోట దుడుకు పిల్లలు కావాలనే చేశారని తీర్మానించుకునే అవకాశం ఎక్కువ. భుజం తగిలితే చాలు, అవమానం కనబడుతుంది. అవమానానికి జవాబు దెబ్బేనన్న నమ్మకం పక్కనే సిద్ధంగా ఉంటుంది.

ఇక మన వైపు చూద్దాం. తెలుగువారికి ఈ విషయం కొత్తది కాదు. కోడిపందెంతో రాజుకుని ఇంటిల్లిపాదినీ బలిగొన్న పలనాటి యుద్ధాన్ని తరతరాలుగా పాడుకుంటున్నాం. అందులో కత్తి పట్టి కదనానికి వెళ్లిన బాలచంద్రుడు చిన్నవాడు. అతని సాహసానికి చెమర్చిన కళ్లు ఎన్నో. ఆ వయసువాణ్ణి యుద్ధానికి పంపిన పగ గురించి ప్రశ్నించిన గొంతులు కొన్నే. రాయలసీమ ఫ్యాక్షన్లలో కొడుకులకు ఆస్తితోపాటు పగ కూడా వారసత్వంగా వచ్చింది. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి తరువాత మన తెర చాలాకాలం ఆ పగనే పండుగగా చూపించింది. 2018లో అరవింద సమేత వీర రాఘవ పగను ఆపాలన్న కథానాయకుణ్ణి తెచ్చింది. ఆ ప్రయత్నాన్ని నేను మనసారా గౌరవిస్తాను. అయినా హాల్లో ఈలలు పడింది ఎక్కువగా కత్తి దూసిన చోటనే.

సినిమాను నిందించి ఇంటిని వదిలేయడం మాత్రం న్యాయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 నాటిది, స్త్రీ పురుషులను ఒక ప్రశ్న అడిగింది. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు చెప్పడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలలో కనీసం ఒకదానికైనా భర్త భార్యను కొట్టడం సమంజసమేనా? తెలంగాణలో 83.8 శాతం స్త్రీలు, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం స్త్రీలు సమంజసమే అన్నారు. దేశంలోకెల్లా ఇవే ఎక్కువ అంకెలు. ఆ రెండు రాష్ట్రాల్లోనూ పురుషుల ఆమోదం అంతకన్నా తక్కువగానే నమోదైంది. ఈ అంకెను తల్లుల మీద నేరారోపణగా చదవకూడదు. దెబ్బలు తప్పని చోట దెబ్బకు కారణం ఉందనుకోవడం బతకడానికి ఒక దారి. అయితే ఆ తల్లి ఒడిలో పెరిగే పిల్లవాడు ఏం వింటున్నాడు? తప్పు చేసినవారిని, తన చేతికింద ఉన్నవారిని కొట్టడానికి ఒక హక్కు ఉందని వింటున్నాడు. “దెబ్బకు దెయ్యం దిగివస్తుంది” అని మనం యథాలాపంగా అనే మాట వాడికి సామెతగా చేరదు, నియమంగా చేరుతుంది.

ఇంటి తరువాత పిల్లవాడు పెరిగే ఊరు. మన జంషెడ్‌పూర్ పుట్టుక మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. 1907లో సాక్చి పల్లె దగ్గర టాటాల ఉక్కు కర్మాగారానికి చోటు దొరికింది. 1912లో తొలి ఉక్కు దిమ్మ వచ్చింది. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. హో, సంతాల్, భూమిజ్ జనం ఉన్న నేల మీదికి నలుదిక్కుల నుంచీ మనుషులు వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైలుమార్గం పట్టుకుని మన ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారి పిల్లలూ మనుమలూ ఈ సభలో ఉన్నారు. ఇలాంటి ఊళ్లో పెరిగే పిల్లవాడికి ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొక భాష. మూడు చోట్లా మూడు నీతులు వింటాడు. వీధిలో ‘దాదా’, ‘రంగదార్’ (బెదిరించి డబ్బు గుంజేవాడు) అనే మాటలు తిట్లుగానూ వినబడతాయి, బిరుదులుగానూ వినబడతాయి. ఏది ఎప్పుడు బిరుదో, ఎప్పుడు తిట్టో వాడు చాలా త్వరగా పసిగడతాడు.

ఇంత కలిసిమెలిసి బతికిన ఊరికి చేదు జ్ఞాపకాలూ ఉన్నాయి. 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు దారి మీద మొదలైన తగాదా వందమందికి పైగా ప్రాణాలు తీసింది. మత సామరస్యం కోసం నిరాహారదీక్ష చేసిన ఉర్దూ రచయిత జకీ అన్వర్ ఆ అల్లర్లలోనే హత్యకు గురయ్యారు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ దర్యాప్తు జరిపింది. బాధ్యులెవరన్నది కమిషన్ల పని. నేను అడిగేది ఒక్కటే. ఆ రోజు రాయి విసిరిన కుర్రవాడికి తాను తప్పు చేస్తున్నానన్న తలపు వచ్చి ఉంటుందా? ధర్మం చేస్తున్నానన్న ధీమాతోనే విసిరి ఉంటాడని నా అనుమానం.

అంతకన్నా దగ్గరిది 2017. ఆ ఏడు మే 18న బాగ్‌బేడా ఠాణా పరిధిలోని నాగాడీహ్‌లోనూ, పక్క జిల్లా సరాయికేలా-ఖర్సావాన్‌లోని శోభాపూర్‌లోనూ గుంపులు మనుషుల్ని కొట్టి చంపాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పాకిన పుకారు దానికి మూలం. రెండు చోట్లా కలిపి ఏడుగురు పోయారు. వారెవరూ ఏ పిల్లనూ ఎత్తుకుపోలేదు.

ఆ పుకారును విడదీసి చూడండి. అందులో రెండు మాటలున్నాయి. ‘వీళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు’ అన్నది మొదటిది. అది అబద్ధం. ‘అలాంటివాడు దొరికితే ఎవరైనా కొట్టవచ్చు, చచ్చేదాకా కొట్టవచ్చు’ అన్నది రెండోది. ఈ రెండో మాటను ఎవరూ వాట్సాప్‌లో పంపలేదు. పంపవలసిన అవసరమే రాలేదు. అది గుంపులో ప్రతివాడి మనసులో అప్పటికే ఉంది. తరువాత మనం మొదటి మాటను ఖండించడానికి ఎంతో శ్రమపడ్డాం. పుకార్లు నమ్మవద్దన్నాం, సరిచూసుకోమన్నాం, ఫార్వర్డ్ చేయవద్దన్నాం. రెండో మాట జోలికి వెళ్లలేదు. రేపు ఎప్పుడైనా పుకారు నిజమే అయితే? నిజంగానే ఒక నేరస్థుడు గుంపు చేతికి చిక్కితే? ఈ ప్రశ్న మీ ఇంట్లోని పదో తరగతి పిల్లవాణ్ణి అడగండి. వాడి జవాబును సరిదిద్దే తొందర పడకుండా చివరిదాకా వినండి.

మంత్రగత్తె అన్న నింద కూడా ఇదే తీరు. బీర్‌బాఁస్ గ్రామానికి చెందిన ఛుట్నీ మహతో 1995లో ఆ నిందతో దెబ్బలు తిన్నారు, అవమానం భరించారు, ఊరు విడిచారు. ఆ తరువాత తనలాంటి ఎందరో స్త్రీలకు అండగా నిలిచి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ దురాచారంపై 1999లో బీహార్ చేసిన చట్టాన్ని 2001లో జార్ఖండ్ స్వీకరించింది. దాని వెనుక ఈ ఊరి ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ కృషి ఉంది. మూకహింసపై 2021 డిసెంబరులో రాష్ట్ర శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిప్పిపంపారు. చట్టాలు కావాలి. అయితే మంత్రగత్తెలు లేరని చెప్పడం సగం పనే. ఉన్నారని నమ్మే మనిషికి కూడా కొట్టే హక్కు లేదని చెప్పడం మిగతా సగం.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా ఎదుర్కోవాలి. పేదరికం, నిరుద్యోగం, ఇరుకు బస్తీలు, తాగుడు, ఇంట్లో హింస, ఇన్ని కారణాలుండగా నమ్మకం అంటూ పిల్లల మనసు మీదికి నెపం నెట్టడం న్యాయమా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఆ కారణాలన్నీ నిజం. నేను చెప్పిన హ్యూస్‌మన్, గెర్రా పిల్లలు కూడా పేద వాడలవారే. ఒకే వాడలో, ఒకే ఇరుకులో, ఒకే లేమిలో పెరిగిన ఇద్దరిలో ఒకడు చేయి ఎత్తుతాడు, ఒకడు ఎత్తడు. ఆ తేడాను వివరించడానికే నమ్మకం కావాలి. లేమిని తొలగించడానికి దశాబ్దాలు పడుతుంది. అప్పటిదాకా ఈ తరాన్ని ఆగమనలేం.

నమ్మకం మారుతుందా? 1990లో స్లేబీ, గెర్రా ఆ నిర్బంధ గృహాల పిల్లలకే పన్నెండు పాఠాల శిక్షణ ఇచ్చి చూశారు. హింసను సమర్థించే నమ్మకాలు సడలాయి, గృహ పర్యవేక్షకులు చూసినంతలో దుడుకుతనం తగ్గింది. అయితే విడుదలయ్యాక రెండేళ్లలో పెరోల్ షరతులు ఉల్లంఘించినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో ఫలితాన్ని దాచిపెట్టి మొదటిదాన్నే చెప్పడం నిజాయితీ కాదు. దాన్నుంచి నేను గ్రహించినది ఇది. పిల్లవాడి మనసును ఒక గదిలో మార్చి, మారని వీధిలోకి తిరిగి పంపితే వీధే గెలుస్తుంది. వాడి నమ్మకం వాడి ఒక్కడిదే కాదు, చుట్టూ ఉన్న పదిమందిదీ. పైగా ఆ పదిమంది నమ్మకాన్ని వాడు సరిగా అంచనా కూడా వేయలేడు.

ఈ చివరి విషయం మీదే నా ఆశంతా. ఫిలడెల్ఫియా వీధులను ఏళ్ల తరబడి పరిశీలించిన ఎలైజా ఆండర్సన్ 1999లో ప్రచురించిన గ్రంథంలో, లోపల హింస గిట్టని కుర్రవాళ్లు కూడా వీధిలో మన్నన కోసం గిట్టినట్టు నడుచుకోవడం చూపించారు. న్యూజెర్సీలోని అయిదు బడులలో వెస్లీ పెర్కిన్స్ బృందం జరిపి 2011లో ప్రచురించిన పరిశోధన మరింత సూటిగా ఉంది. తోటివారిని వేధించడం తప్పని పిల్లల్లో ఎక్కువమంది స్వయంగా అనుకుంటున్నారు, కానీ మిగతావాళ్లు దాన్ని ఒప్పుకుంటారని భ్రమపడుతున్నారు. అసలు అంకెలను పోస్టర్లుగా గోడల మీద పెట్టాక వేధింపులు తగ్గాయి. ఆ రాష్ట్రంలోనే ఎలిజబెత్ పాలక్ బృందం 56 బడులను తీసుకుని, వాటిలో సగం బడులలో పెద్దల ఉపదేశాలకు బదులు కొద్దిమంది విద్యార్థులకే తగాదాలకు వ్యతిరేకంగా ముందు నిలిచే పని అప్పగించింది. మిగతా బడులతో పోలిస్తే ఆ బడులలో ఏడాదిలో పిల్లల తగాదాలపై నమోదైన క్రమశిక్షణ చర్యలు 30 శాతం తగ్గాయని 2016లో వెల్లడించింది. తోటివారు ఎక్కువగా గమనించే పిల్లలు ముందు నిలిచిన ఆ విద్యార్థుల్లో ఉన్నచోట ఫలితం మరింత బాగుంది.

ఇది మన పాఠశాలలకు పనికివచ్చే విద్య. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండనను నిషేధించింది. ఆ నిషేధాన్ని గోడకు తగిలించి, తరగతిలో చేయి చేసుకునే బడి పిల్లలకు రెండు పాఠాలు నేర్పుతుంది. కొట్టవచ్చుననేది మొదటిది, పైకి వేరే మాట చెప్పాలనేది రెండోది. కాబట్టి మొదటి అడుగు ఉపాధ్యాయులదే కావాలి.

రెండో అడుగు ఇంటిది. పిల్లవాడు చొక్కా చిరిగి ఇంటికి వస్తాడు. “నువ్వు తిరిగి కొట్టావా, ఊరుకున్నావా?” అని అడిగే ఇళ్లు ఈ ఊళ్లో నాకు చాలా తెలుసు. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. “ఏం జరిగింది, పక్కనున్నవాళ్లు ఏం చేశారు?” అని అడిగిన ఇంట్లో పిల్లవాడికి ఇంకో సంగతి తెలుస్తుంది. చూస్తూ నిలబడినవారికి కూడా ఒక పని ఉందని తెలుస్తుంది.

కదమా, బిష్టూపూర్, టెల్కో ప్రాంతాల్లో మన పిల్లలు చదివే బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. ఆరో తరగతి పిల్లలకు పేరు రాయనవసరం లేని ఒక కాగితం ఇవ్వండి. అందులో రెండే ప్రశ్నలు ఉండాలి. నిన్ను తిట్టినవాణ్ణి కొట్టడం సరైనదని నువ్వు అనుకుంటున్నావా? నీ తరగతిలో ఎంతమంది సరైనదని అనుకుంటారని నీ అంచనా? రెండు జవాబులనూ పక్కపక్కన గోడ మీద పెట్టండి. ఏడో తరగతిలో ఆ పిల్లల్నే మళ్లీ అడగండి. దీనికి డబ్బు అక్కరలేదు, నిపుణులు అక్కరలేదు. ఆ అంకెలను వచ్చే ఏడాది ఇదే సభలో ఒక ఉపాధ్యాయురాలు చదివి వినిపించాలని కోరుతున్నాను. అవి మనకు నచ్చకపోయినా చదవాలి, పిల్లలు ఎదురుగా ఉండగానే చదవాలి.